రెండో పాత కంప్యూటర్: ఏది తోడవుతుంది?

1980ల నాటి ఇంటి కంప్యూటర్లను బాగుచేసుకుని వాడేవారు ఇప్పటికీ ఉన్నారు. మొదటిది ఎంచుకోవడం తేలిక. చిన్నప్పుడు చూసిందో, చేతికి దొరికిందో తెచ్చుకుంటాం. ఆలోచన కావలసింది రెండోదానికే. మొదటిది నేర్పనిది నేర్పితేనే అది తోడవుతుంది.

ఇంట్లో కమోడోర్ 64 ఉందనుకుందాం. ఇది 1982లో అమెరికాలో వచ్చింది. దీని ప్రాసెసర్ వేగం సుమారు 1 మెగాహెర్ట్జ్ మాత్రమే. అయినా ఆటలు సాఫీగా నడుస్తాయి. కారణం, పని పంచుకునే చిప్‌లు. విక్-2 అనే చిప్ 8 స్ప్రైట్‌లను (వెనుక దృశ్యం చెరగకుండా కదిలే చిన్న బొమ్మలు) చూపగలదు. బొమ్మ ఎక్కడుండాలో ప్రోగ్రామ్ చెబితే చాలు, చూపించే పని చిప్‌ది. సిడ్ అనే మరో చిప్ ఒకేసారి మూడు స్వరాలు పలికిస్తుంది.

అదే ఏడాది బ్రిటన్‌లో వచ్చిన సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ దారి వేరు. దీనిలో 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్ ఉంది, స్ప్రైట్‌లు లేవు. బొమ్మ కదలాలంటే వెనుక దృశ్యాన్ని దాచడం, బొమ్మ గీయడం, చెరపడం, దాచినదాన్ని తిరిగి పెట్టడం అన్నీ ప్రోగ్రామే చేయాలి. రంగులదీ పొదుపు పద్ధతే. తెర మీద 256×192 చుక్కలుంటాయి. 8×8 చుక్కల గడికి రెండు రంగులే. అందువల్ల రంగుల సమాచారం 768 బైట్లలో ఇమిడిపోతుంది. కానీ బొమ్మ చెట్టు పక్కగా వెళితే రెండింటి రంగులూ కలిసిపోతాయి.

బేసిక్ (ఆరంభకుల ప్రోగ్రామింగ్ భాష) సంగతీ చూడాలి. కమోడోర్ బేసిక్‌లో గీత గీయడానికి ఆదేశమే లేదు. అంకెలను నేరుగా మెమరీలో పెట్టాలి. స్పెక్ట్రమ్‌లో గీతకు, వృత్తానికి, శబ్దానికి విడివిడి ఆదేశాలున్నాయి.

1980లలో మన దేశంలో కొన్ని బడులకు క్లాస్ అనే కంప్యూటర్ విద్యా పథకం కింద చేరిన బీబీసీ మైక్రో కంప్యూటర్ మీద కొందరికి మమకారం ఉండవచ్చు. దాని బేసిక్ ఇంకా మెరుగు. అయితే దాని ప్రాసెసర్ కమోడోర్‌లో ఉన్న 6502 కుటుంబానిదే. కొత్త ప్రాసెసర్ నేర్చుకోవాలంటే స్పెక్ట్రమే సరైనది. జెడ్80ను 1976లో తెచ్చిన జైలాగ్ కంపెనీ, ఆ విడి చిప్‌ల తయారీ ఆపేస్తున్నట్టు 2024లో ప్రకటించింది. పాతవాటిని కాపాడుకోవలసిన సమయమిది.

నలభై ఏళ్లు దాటిన యంత్రాలివి. కమోడోర్ పాత పవర్ సప్లైలో 5 వోల్టులు అదుపు తప్పి పెరిగితే మెమరీ చిప్‌లు కాలిపోతాయి. కొత్తది వాడాలి. స్పెక్ట్రమ్‌లో కీబోర్డు కింది పలుచని పొర పెళుసెక్కి విరుగుతుంది. కొత్త పొరలు దొరుకుతాయి.

రెండూ పక్కపక్కన పెట్టాక, ఒక బంతిని తెర మీద కదిలించే ప్రోగ్రామ్ రెండింటిలోనూ రాయండి. ఒకదానిలో చిప్ చేసిపెట్టిన పనిని రెండోదానిలో మీరే చేస్తారు. కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో అక్కడే తెలుస్తుంది.