నారుమడిలో చుట్ట వద్దు

మా నాన్నగారికి మూడు నాలుగేళ్లకోసారి బదిలీ అవుతుంది. ఇప్పుడు జంషెడ్‌పూర్‌లో ఉన్నాం. ఏ ఊళ్లో ఉన్నా దసరా సెలవులకు మాత్రం తాతయ్య దగ్గరికే వెళ్తాం. ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర ఒక పల్లె. ఈసారి మేం వెళ్లేసరికి తాతయ్య పొగాకు నారుమడి గట్టు మీద దిగులుగా కూర్చుని ఉన్నాడు. నాట్లు వేసే అదను వచ్చేసింది. కానీ మడిలో అక్కడక్కడా మొక్కల ఆకుల మీద ముదురు పచ్చ, లేత పచ్చ మచ్చలు కలగలిసి ఉన్నాయి. కొన్ని ఆకులు ముడతలు పడ్డాయి.

"రెండు మందులు కొట్టానురా, ఏమీ తగ్గలా" అన్నాడు.

తగ్గకపోవడంలో వింత లేదు. అది పురుగూ కాదు, బూజూ కాదు. పొగాకు మొజాయిక్ వైరస్. మొక్కలోకి వైరస్ చేరాక దాన్ని నయం చేసే మందు లేదు. ఆ రెండు మందుల డబ్బూ దండగే.

ఈ వైరస్ పేరు మా అక్క పదకొండో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో ఉంది. అసలు వైరస్ అనేది ఒకటుందని ప్రపంచానికి తెలిసింది దీనివల్లే. 1886లో అడాల్ఫ్ మేయర్ అనే శాస్త్రవేత్త జబ్బు మొక్క రసాన్ని మంచి మొక్కకు ఎక్కిస్తే దానికీ జబ్బు వస్తుందని చూపించాడు. 1892లో రష్యాకు చెందిన ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని బాక్టీరియా దూరలేని పింగాణీ వడపోతలో వడకట్టాడు. అయినా జబ్బు అంటుకుంది! బాక్టీరియా కన్నా చిన్నది ఇంకేదో ఉందన్నమాట. 1898లో బైజెరింక్ దాన్ని బాక్టీరియాకు భిన్నమైన అంటు ద్రవం అన్నాడు. 1935లో స్టాన్లీ దాన్ని ఉప్పు పలుకుల్లా స్ఫటికాలుగా విడదీసి, 1946లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అది సన్నటి కడ్డీలా ఉంటుంది. పొడవు 300 నానోమీటర్లు. వరసగా పేర్చితే ఒక్క మిల్లీమీటరులో మూడు వేలకు పైగా పడతాయి.

ఇంత చిన్నది ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు ఎలా వెళ్తుంది? నేను దోమలనుకున్నాను. పొగాకుకు ఆకుముడత అని మరో వైరస్ తెగులుంది, దాన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. అందుకే నారుమడి మీద నైలాన్ వల కప్పుతారు, పసుపు జిగురు అట్టలు పెడతారు. మొజాయిక్ అలా కాదు. దీన్ని మోసేది ముఖ్యంగా మన చేతులే. జబ్బు మొక్కను ముట్టుకున్న చేత్తో మంచి మొక్కను పీకితే ఆకు నూగు విరిగి, ఆ సన్నటి గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. కత్తి, బుట్ట, బట్టలు, అన్నీ దానికి వాహనాలే.

నాకు బాగా ఆశ్చర్యం వేసింది ఇంకొకటి. ఆకు ఎండిపోయినా ఇది చావదు. రసంలో ఉన్న వైరస్ చావాలంటే వేడి 90 డిగ్రీలు దాటాలి. బ్యారన్‌లో ఆకు కాల్చే వేడి అంత ఉండదు. అంటే చుట్టలో, బీడీలో, ఖైనీలో కూడా అది బతికే ఉండొచ్చు. చుట్ట చుట్టిన చేత్తోనే తాతయ్య నారు పీకుతున్నాడు! కూలికి వచ్చే అవ్వల బుగ్గన పొగాకు కాడ ఉంటుంది.

ఊళ్లో రైతు సేవా కేంద్రం అక్క వచ్చి ఇదే చెప్పింది. మచ్చల మొక్కల్నీ, వాటి పక్క మొక్కల్నీ పీకి దూరంగా కాల్చేయాలి. నారు పీకేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వెన్న తీసిన పాలలో చేతులు ముంచినా మంచిదే, పాలలోని ప్రొటీన్ వైరస్‌ను అంటనివ్వదు. తర్వాత చేలో తలలు తుంచేటప్పుడు, పిలకలు గిల్లేటప్పుడు మంచి మొక్కలు ముందు, జబ్బువి చివర. పంట అయ్యాక మోళ్లు పీకేయాలి. వచ్చే ఏడు ఆ చేలో పొగాకు, మిరప, టమాటా కాకుండా వేరే పైరు వేయాలి. లేత మొక్కకు పడితే నష్టం ఎక్కువ, ముదిరాక పడితే తక్కువ. కాబట్టి జాగ్రత్తంతా నారుమడిలోనే. మచ్చ ఆకు బ్యారన్‌లో సరిగా పండదు, వేలంలో ధర పలకదు.

తట్టుకునే రకాలూ ఉన్నాయి. నికోటియానా గ్లూటినోసా అనే అడవి పొగాకులో ఒక జన్యువుంది. వైరస్ దిగిన చోట చుట్టూ ఉన్న కణాలు తమంతట తామే చచ్చి దాన్ని బంధించేస్తాయి. ఆకు మీద చిన్న మచ్చ మిగులుతుంది, మొక్క బతుకుతుంది. సంకరం చేసి ఈ జన్యువును సాగు రకాల్లోకి తెచ్చారు. కానీ 28 డిగ్రీలు దాటితే దాని కాపలా సడలుతుంది. మన ఎండలకు అదొక్కటే చాలదు. రాజమండ్రిలో 1947 నుంచి పొగాకు మీద పరిశోధన చేసే ఒక కేంద్ర సంస్థ ఉంది. ఇలాంటి తెగుళ్ల మీదా అక్కడ పని జరుగుతుంది.

పొగాకు పండించడమే మంచిదా అని మీరు అడగొచ్చు. అది ఇంకో వ్యాసం. ఈ వైరస్ టమాటాకూ, మిరపకూ కూడా వస్తుంది. జంషెడ్‌పూర్ పక్కన పటమదాలో టమాటా తోటలున్నాయి. మన క్వార్టర్ల పెరళ్లలోనూ టమాటా మొక్కలుంటాయి. అరచేతిలో ఖైనీ నలిపిన చేత్తో వాటిని తాకేవాళ్లు ఇక్కడ తక్కువేం కాదు.

తాతయ్య మొదట ఒప్పుకోలేదు. "నలభై ఏళ్ల నుంచి కాలుస్తున్నా, ఇప్పుడొచ్చిందా చుట్ట వల్ల?" అన్నాడు. నాయనమ్మ ఏమీ మాట్లాడకుండా బకెట్‌తో నీళ్లు, బట్టల సబ్బు తెచ్చి గట్టు మీద పెట్టింది. కూలీలంతా కడుక్కున్నాక ఆయన కూడా లేచాడు. పావు వంతు నారు కాల్చేశాం, తక్కువ పడింది పక్క ఊళ్లో కొన్నాం. మొన్న ఫోన్ చేస్తే, చేలో ఎనిమిది మొక్కలకే మచ్చలు కనబడ్డాయనీ, పీకేశాననీ చెప్పాడు. చుట్ట మానలేదు. కానీ చేలోకి దిగేముందు దాన్ని వేపచెట్టు మొదట్లో పెట్టి వెళ్తున్నాడట.