నీలి కోడికి నల్ల పిల్లలా?

నీలి కోళ్ళున్నాయంటే నమ్ముతారా? స్పెయిన్ దేశపు అండలూసియన్ జాతి కోళ్ళు అలాంటివే. వాటిది ఆకాశపు నీలం కాదు, తుడిచిన పలక రంగు. ఈకల అంచులు మాత్రం ఇంకా ముదురు.

మీ పెరట్లో ఒక నీలి పుంజు, నాలుగు నీలి పెట్టలు ఉన్నాయనుకోండి. పెట్ట 21 రోజులు పొదిగింది. పిల్లల్లో సుమారు సగమే నీలివి! పావు వంతు నల్లవి, మరో పావు వంతు నీలి మచ్చలున్న తెల్లవి. పూర్వం పెంపకందారులు వీటిని పనికిరానివిగా ఏరివేసేవారు. అయినా ప్రతి తరంలోనూ అవే పుట్టేవి.

కారణమేమిటి? నల్ల రంగును పలచబరిచే జన్యువు ఒకటుంది. తల్లిదండ్రులలో ఒక్కరి నుంచే అది వస్తే పిల్ల నీలం. ఇద్దరి నుంచీ వస్తే మచ్చల తెలుపు. అసలు రాకపోతే నలుపు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఇంగ్లండులో బేట్సన్, పున్నెట్ అనే శాస్త్రజ్ఞులు మెండెల్ సూత్రాలతో ఈ చిక్కు విప్పారు.

అయితే ఎనిమిది పిల్లలలో సరిగ్గా నాలుగే నీలివి ఉంటాయని పందెం కాయకండి. నాణెం ఎనిమిదిసార్లు ఎగరేస్తే ప్రతిసారీ నాలుగు బొమ్మలు పడతాయా?

మరి పిల్లలన్నీ నీలివే కావాలంటే? మచ్చల పుంజును నల్ల పెట్టలతో జతకట్టించాలి. పనికిరావని పారేసినవే నీలి రంగుకు ఆధారమన్నమాట! ఇంకొక జాగ్రత్త: చిన్న మందలో అన్నాచెల్లెళ్ళనే తరతరాలుగా జతపరిస్తే పిల్లలు బలహీనపడతాయి. అప్పుడప్పుడు వేరే మంద నుంచి పుంజును తేవాలి.

నల్ల పుంజుకూ నీలి పెట్టకూ ఏ రంగు పిల్లలు పుడతాయి? కాగితం మీద గళ్ళు గీసి మీరే తేల్చండి.