బాసు చేప – గాలపు నేర్పు

తెలుగువారి నానుడిలో గాలము మంచి మాట కాదు. ఒకనికి గాలము వేయుట యనగా వానిని మోసగింపజూచుట. ఎర చూపుట యనగా ఆశపెట్టి లోబరచుకొనుట. చెరువుగట్టున గాలపుకర్ర పట్టుకొని కూర్చున్నవానిని పనిలేనివాడనుటయు మనకు అలవాటే. కాని ఈ విద్యను రాజవినోదములలో నొకటిగా లెక్కించిన గ్రంథము మనకు చేరువనే పుట్టినది. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో మత్స్యవినోదము అను భాగము కలదు. చేపలలోని జాతులను, వాటికి పెట్టవలసిన ఆహారములను, వాటిని గాలమున పట్టు విధమును ఆ రాజు శ్రద్ధతో వివరించెను. అట్టి శ్రద్ధ నేడు మిక్కిలిగా కనబడుచున్నది అమెరికా సంయుక్త రాష్ట్రములలో. దానికి లక్ష్యమైనది బాసు అను మంచినీటి చేప.

బాసులో ముఖ్యముగా రెండు జాతులు. పెద్దనోటి బాసునకు పైదవడ కంటిని దాటి వెనుకకు పోవును. చిన్ననోటి బాసునకు అంత దూరము పోదు. మొదటిది నాచు, తూడు, మునిగిన మానులు గల నిలువనీటిని కోరును. రెండవది రాతినేల గల చల్లని ప్రవాహమును కోరును. ఈ చేపకు శాస్త్రనామము వచ్చిన తీరు వింతయైనది. 1802లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాసెపేదు చూచిన చిన్ననోటి బాసునకు వీపురెక్క చినిగియుండెను. చినిగి విడిపోయిన ఆ చివరి తునకను ఆయన వేరొక చిన్న రెక్కగా భావించి, ఆ జాతికి మైక్రోప్టెరస్, అనగా చిన్నరెక్కది, అని పేరు పెట్టెను. ఒక చేపకు తగిలిన గాయము జాతికంతకును పేరై నిలిచినది!

ఆంగ్లేయుల గాలపు సంప్రదాయములో గౌరవమంతయు ట్రౌటు, సాల్మను చేపలదే. ఐజాక్ వాల్టను 1653లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథము మొదలు ఆ ధోరణియే సాగినది. అమెరికాలోను చిరకాలము బాసు నాటుచేపగానే యుండెను. 1881లో జేమ్సు హెన్షల్ అను వైద్యుడు ఒక పెద్ద గ్రంథమంతయు బాసును గూర్చియే వ్రాసి, బరువునకు బరువు చూచినచో దీనితో పోరాటమున సాటివచ్చు చేప లేదని వాదించెను. అంతకు చాల ముందే కెంటకీ రాష్ట్రములో జార్జి స్నైడరను గడియారముల పనివాడు, పిడి నొకమారు త్రిప్పగా దారపుచుట్ట పలుమారులు తిరుగునట్టి గిలకను చేసెను. గడియారపు చక్రముల లెక్క తెలిసిన చేతికి అది సహజమైన ఆలోచనయే.

ఆ గిలకయే నేటికిని కొత్తవారికి మొదటి పరీక్ష. కర్రను విసరినప్పుడు ఎర ముందుకు పోవుచు దారమును లాగును. దారము చుట్టను త్రిప్పును. ఎర గాలిలో వేగము తగ్గినను చుట్ట వేగము తగ్గదు. పోవు దారముకంటె వదలబడు దారము ఎక్కువై క్షణములో పిచ్చుకగూడువలె చిక్కుపడును. దీనికి మందు బొటనవ్రేలిలో నున్నది. విసరినంతసేపు వ్రేలు చుట్టను తాకీ తాకనట్లుండి, ఎర నీటిని ముట్టుటకు ముందే దానిని నిలుపవలెను. ఈ నేర్పు నీటియొద్ద రాదు. పెరటిలో ఒక పళ్ళెము పెట్టి, ముల్లు లేని బరువును దానిలో పడునట్లు వేయుచు దినమునకు పావుగంట సాధన చేసినవానికి వచ్చును. వీణ నేర్చినవారికి ఈ మాట వివరింపనక్కరలేదు.

బాసు వేటలో మిక్కిలి సుళువుగా కనబడి మిక్కిలి కష్టమైనది వానపాము ఎర. ఇది నిజమైన వానపాము కాదు. 1949 ప్రాంతమున ఒహైయో రాష్ట్రపు ఏక్రన్ పట్టణములో నిక్ క్రీమ్ అను యంత్రపు పనివాడు, భార్య తోడుగా, వంటింటి పొయ్యిమీద ప్లాస్టిక్కును కరగించి మూసలో పోసి చేసిన మెత్తని బొమ్మ. పిమ్మట టెక్సాసువారు దీనిని కట్టు పద్ధతి నొకదానిని కనిపెట్టిరి. దారమునకు తూటావంటి సీసపుగుండును జారునట్లు ఎక్కించి, ముల్లును పాము తలలో గ్రుచ్చి త్రిప్పి, మొనను తిరిగి దాని యొడలిలోనే దాచుదురు. మొన బయటకు లేదు కనుక నాచునకుగాని మునిగిన కొమ్మకుగాని తగులుకొనదు. బాసు ఉండు చోటు అట్టి కొమ్మల నడుమనే కదా! అంతవరకు ఎర చొరరాని చోట్లన్నియు దీనితో తెరచుకొన్నవి.

కష్టము తరువాతిది. బాసు ఎరను కుక్కవలె కరవదు. నోరు గుప్పున తెరచును. ఆ ఖాళీలోనికి నీటితోపాటు ఎర కొట్టుకొనిపోవును. రుచింపనిచో అంత త్వరగానే ఉమిసివేయును. ఈ రెంటి నడుమ గాలపువానికి తెలియునది దారమునందు చిన్న టిక్కు, అంతే. ఒక్కొక్కప్పుడు అదియు నుండదు. ఉన్న బరువు లేకపోయినట్లు తోచును, లేదా దారము నీటిలో దిగుచోటు ప్రక్కకు జరుగును. రాయి తగిలినను కొమ్మ తగిలినను టిక్కుమనును. వీటిని వేరుపరచుకొనుటయే ఏండ్లతరబడి గాలమువేసినవారును ఇంకను మెరుగుపరచుకొనగోరు విద్య. అనుభవశాలులు చెప్పు ఉపాయము వినుటకు విపరీతముగా నుండును: చేపలను మరచి, మొదట అడుగును నేర్చుకొమ్మందురు. లోతు తక్కువగల తేటనీటిలో ఎరను కంటికి కనబడునట్లు ఈడ్చుచు, గులకరాయి చేతికెట్లు తెలియుచున్నది, బురద యెట్లు, మ్రాను యెట్లు అని చూచుకొనవలెను. నిర్జీవమైనవన్నియు తెలిసినవానికి జీవమున్నది దానంతట తెలియును.

ముల్లు లాగు సమయమును గూర్చి మరియొక మాట కలదు. తొందరపడినచో చేప తప్పును. అది గాలపువాని నష్టము. ఆలస్యము చేసినచో చేప ఎరను మ్రింగును. ముల్లు గొంతులోనో మొప్పలలోనో దిగును. పెదవికి తగిలిన ముల్లు చిన్న గాయము. గొంతులో దిగినది తరచు ప్రాణాంతకము. కనుక ఆ క్షణమును పట్టు నేర్పు వేటగాని గొప్పకు మాత్రమే సంబంధించినది కాదు. నీటిపై నాచు పరుపుమీద నడిపించు కప్పబొమ్మ విషయములో మాత్రము నియమము కొంచెము మారును. బాసు క్రిందినుండి ఎగసి నీటిని చిమ్మగానే లాగినచో కప్ప ఖాళీగా వెనుకకు వచ్చును. చప్పుడునకు కాక బరువునకు లాగవలెను. ఒక్క గుటక ఓర్చుకొనవలెను. కప్పను ఎరగా చేసి కొరమీనును పట్టు మన పల్లెటూరివారికి ఈ ఓర్పు క్రొత్త గాదు.

1970 తరువాత కాలిఫోర్నియానుండి వచ్చిన పద్ధతి దీనికి భిన్నమైనది. అక్కడి కాలువల యొడ్డున తుంగ దట్టముగా పెరుగును. పొడవైన గెడకు కొలది దారము కట్టి ఆ తుంగ సందులలోనికి ఎరను దింపుట అక్కడివారి పాత అలవాటు. పోటీలలో అంత పొడవుగెడ పనికిరాదనగా, డీ థామసు అనునతడు ఏడున్నర అడుగుల కర్రతో ఆ పనినే చేసిచూపెను. కర్రను విసరడు, ఎడమచేత దారమును లాగి వదలుచు, ఎరను లోలకమువలె ఊపి, పది పదునైదు అడుగుల దూరమున, చప్పుడు లేకుండ దించును. చూచువారికి చేతివ్రాతవలె నుండును. చప్పుడైనదా, ఆ చేప ఇక దక్కదు.

ఎక్కడ వేయవలెను అను ప్రశ్న ఎట్లు వేయవలెను అను ప్రశ్నకంటె పెద్దది. సరస్సులో మూడు పాళ్ళకు పైగా నీరు చేపలు లేని నీరే. వసంతమున గ్రుడ్లు పెట్టుటకు బాసు ఒడ్డునకు వచ్చును. వేసవిలో నీరు పొరలుగా విడిపోయి, అడుగుపొరలో ప్రాణవాయువు తగ్గును, పైపొర వేడెక్కును, చేప ఆ రెంటి నడుమనో, నీడలోనో నిలుచును. శీతకాలమున దాని యాకలియే మందగించును, ఎరయు మందముగా నడువవలెను. ఉత్తర కెరోలినావాడైన బక్ పెర్రీ, చేపలు ఒడ్డునుండి లోతునకు అడుగునందలి గట్లను, మెట్లను బాటలుగా చేసికొని పోవునని చెప్పి, ఆ బాటలను వెదకుట నేర్పెను. 1950ల చివరనుండి ధ్వనితో లోతును చూపు యంత్రములు వచ్చి ఆ పనిని తేలిక చేసినవి. ఇటీవలి యంత్రము పడవ ముందు తిరుగు చేపను, దానివైపు పోవు ఎరను తెరపై అప్పటికప్పుడు చూపును. పోటీలలో దీనిని అనుమతింపవచ్చునా యని వాదములు చెలరేగినవి. నీటిని చదువుటకు మారు తెరను చదువుట గొప్పవిద్య యెట్లగునో దానిని మెచ్చువారే చెప్పవలెను.

వసంతపు వేటలో చిక్కు ఒకటి కలదు. ఆడచేప గ్రుడ్లు పెట్టి వెళ్ళిపోవును. మగబాసు తోకతో నేలను ఊడ్చి చేసిన గూటిపై కావలియుండి, గ్రుడ్లను, పొదిగిన పిమ్మట పిల్లలను కాపాడును. కొరమీను తన పిల్లలగుంపును కాచుకొనుట చూచినవారికి ఈ దృశ్యము పరిచితమే. అట్టి మగచేప ఆకలిచేత కాక కోపముచేత ఎరను కొట్టును. అందుచేతనే సుళువుగా చిక్కును. దానిని పైకెత్తి, బరువు చూచి, చిత్రము తీసి, దయతో వదలునంతలో బ్లూగిల్ అను చిన్నచేపలు గూటిమీద పడి గ్రుడ్లను తినివేయును. ఎక్కువసేపు పట్టియుంచినచో తండ్రి గూటిని విడుచుటయు కలదు. అందువలననే చల్లని ప్రాంతములలో కొన్నిచోట్ల వసంతమున బాసు వేటకు సెలవు పెట్టిరి. చట్టము లేనిచోట కాపరిచేపను పట్టవచ్చునా యనునది వారి వారి మనస్సునకు వదలబడినది. అనేకులు పట్టుచునే యున్నారు.

పట్టినదానిని వదలుట అను ఆచారము బాసు వేటలో పాతది కాదు. రే స్కాట్ అను భీమా వ్యాపారి 1967లో అర్కాన్సా రాష్ట్రపు బీవర్ సరస్సున పెద్దపోటీ నడపెను. మరుసటియేడు బాసు వేటగాండ్ర సంఘమును స్థాపించెను. చచ్చిన చేపల గుత్తులను వ్రేలాడదీసి గర్వించుట నాటి మర్యాద. 1972నుండి ఆయన ప్రాణముతో తెచ్చిన చేపకు అదనపు గుర్తింపు నిచ్చి, పడవలలో గాలియాడు నీటితొట్టెల నుంచుట నేర్పెను. వదలుటకును నేర్పు కావలెను. చేయి తడిపి పట్టవలెను; లేనిచో ఒంటిమీది జిగురుపొర ఊడును. బరువైన చేపను దవడ పట్టి వ్రేలాడదీయక, పొట్టక్రింద రెండవచేయి చేర్చవలెను. టెక్సాసులో స్థిరపడిన తెలుగువారు సెలవుదినమున పిల్లలతో సరస్సునకు పోవుట కలదు. పదునేడేండ్లు నిండినవారికి అక్కడ అనుమతిపత్రము కావలెను. పత్రముతోపాటు ఈ రెండు సంగతులును వారి పిల్లలకు తెలిసిన మేలు.

సముద్రమునకు ఆవల కథ తారుమారైనది. 1925లో అకాబోషి అను జపాను ధనికుడు కాలిఫోర్నియానుండి బాసును తెచ్చి ఆషీ సరస్సులో వదలించెను. కాలక్రమమున అది దేశమంతట వ్యాపించి, అతి ప్రాచీనమగు బివా సరస్సును చేరెను. ఆ సరస్సున తప్ప వేరెక్కడను లేని చేపలు కొన్ని కలవు. నిగోరోబునా అను చేపను ఉప్పులోను, అన్నములోను నెలలతరబడి ఊరవేసి అక్కడివారు ఫునాజూషి చేయుదురు. ఇది తరతరముల రుచి. రెల్లుపొదలు నశించుటకు బాసు, బ్లూగిల్ల తిండి తోడై ఆ చేప క్షీణించెను. 2003నుండి షిగా మండలములో బివాలో పట్టిన బాసును తిరిగి నీట వదలుట నిషిద్ధము. వదలకుండ వేయుటకు ఒడ్డున పెట్టెలు పెట్టిరి. 2005లో దేశచట్టమును వచ్చెను. అమెరికాలో ఏ పని సజ్జనుని గుర్తో, బివా యొడ్డున అదే తప్పు.

ప్రపంచములోని పెద్దబాసు మాటయు అక్కడికే పోవును. 1932 జూన్ 2న, ఆర్థికమాంద్యపు దినములలో, జార్జియా రాష్ట్రపు మాంట్గామరీ సరస్సున జార్జి పెర్రీ అను ఇరువదియేండ్ల రైతుబిడ్డ 22 పౌనుల 4 ఔన్సుల బాసును పట్టెను. తూచి, ఇంటికి తెచ్చి, ఇంటిల్లిపాదియు తినిరి. డెబ్బదియేడేండ్లు ఆ లెక్క చెక్కుచెదరలేదు. 2009 జూలై 2న మనాబు కురిటా అను జపానువాడు బివా సరస్సులో, ప్రాణముతోనున్న బ్లూగిల్‌ను ఎరగా పెట్టి, ఇంచుమించు ఒక ఔన్సు ఎక్కువ తూగు బాసును తీసెను. పాతలెక్కను దాటవలెనన్నచో కనీసము రెండు ఔన్సులు ఎక్కువ తూగవలెనని అంతర్జాతీయ సంఘపు నియమము. అందుచేత ఇద్దరి పేర్లును ఒకే వరుసలో నిలిచినవి.