గ్రహశకలాలు: సౌర కుటుంబంలో వాటి స్థానం

'గ్రహశకలం' అనే మాటను విడదీస్తే గ్రహం ముక్క అని అర్థం వస్తుంది. అంగారక, బృహస్పతి గ్రహాల మధ్య ఒకప్పుడు మరో గ్రహం ఉండేదని, అది పగిలిపోగా మిగిలిన ముక్కలే గ్రహశకలాలని చాలామంది విద్యార్థులు జవాబు పత్రాలలో రాస్తుంటారు. పేరే అలా చెబుతున్నప్పుడు వారిని తప్పుపట్టలేం. కాని ఈ అభిప్రాయం సరైనది కాదు. ఎందుకు కాదో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఖాళీ స్థానం కోసం అన్వేషణ

0, 3, 6, 12, 24, 48, 96 అనే సంఖ్యలను తీసుకోండి. ఒక్కొక్క దానికి 4 కలిపి 10తో భాగించండి. 0.4, 0.7, 1.0, 1.6, 2.8, 5.2, 10.0 వస్తాయి. ఖగోళ ప్రమాణాలలో సూర్యుని నుంచి గ్రహాల దూరాలు దాదాపు ఇవే. (సూర్యునికి, భూమికి మధ్య ఉన్న సగటు దూరాన్ని, అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్లను, ఒక ఖగోళ ప్రమాణం అంటారు.) 1766లో టిటియస్ గుర్తించిన ఈ వరుసను 1772లో బోడె ప్రచారంలోకి తెచ్చాడు. ఇందులో 2.8 వద్ద మాత్రం ఏ గ్రహమూ కనిపించలేదు. 1781లో విలియం హెర్షెల్ కనుగొన్న యురేనస్ దూరం 19.2 అని తేలింది. వరుస ప్రకారం అది 19.6 ఉండాలి. దీంతో ఆ ఖాళీలోనూ ఏదో ఉండి తీరుతుందన్న నమ్మకం బలపడింది.

1801 జనవరి 1 రాత్రి సిసిలీ ద్వీపంలోని పాలెర్మోలో జుసెప్పె పియాజ్జి నక్షత్రాల పట్టిక తయారు చేస్తూ ఒక మసక చుక్కను చూశాడు. మరునాడు చూస్తే అది కాస్త జరిగింది. ఫిబ్రవరి 11 వరకు దానిని గమనించిన పియాజ్జి తరవాత జబ్బుపడ్డాడు. ఇంతలో ఆ చుక్క సూర్యుని వెలుగులో మరుగైపోయింది. 41 రోజుల పరిశీలనలలో దొరికింది కక్ష్యలో ఒక చిన్న చాపం మాత్రమే. దాని ఆధారంగా 24 ఏళ్ళ గౌస్ పూర్తి కక్ష్యను లెక్కగట్టాడు. అతడు చెప్పిన చోటికి దగ్గరలోనే డిసెంబరు 31న వాన్ జాక్‌కు ఆ చుక్క మళ్ళీ కనిపించింది. అదే సెరెస్. దాని దూరం 2.77 ఖగోళ ప్రమాణాలు.

కథ అక్కడితో ముగిసి ఉంటే సెరెస్ ఒక గ్రహంగానే ఉండిపోయేది. కాని 1802లో పల్లాస్, 1804లో జునో, 1807లో వెస్టా బయటపడ్డాయి. ఒకే చోట ఇన్ని ఎందుకున్నాయి? పల్లాస్‌ను కనుగొన్న ఓల్బర్స్, పగిలిన గ్రహం అనే ఊహను ముందుకు తెచ్చింది అప్పుడే. మన తెలుగు పేరులో ఆ ఊహ నేటికీ నిలిచి ఉంది. 1861లో మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పోగ్‌సన్ మరొక గ్రహశకలాన్ని కనుగొన్నాడు. ఆసియా ఖండం నుంచి కనుగొన్న మొదటి గ్రహశకలం కావడంతో దానికి 'ఏషియా' అని పేరు పెట్టారు.

ఇక బోడె నియమం సంగతి. 1846లో కనుగొన్న నెప్ట్యూన్ 38.8 వద్ద ఉండాల్సింది, 30.1 వద్ద ఉంది. దానిని నియమం అనడం కంటే కాకతాళీయం అనడమే మంచిది.

పగిలిన గ్రహం కాదు, ఏర్పడని గ్రహం

ఓల్బర్స్ ఊహకు మొదటి అడ్డంకి ద్రవ్యరాశి. మేఖలలోని గ్రహశకలాలన్నిటినీ ఒకచోట చేర్చినా చంద్రుని ద్రవ్యరాశిలో 3 నుంచి 4 శాతానికి మించదు. అందులో దాదాపు మూడో వంతు 940 కిలోమీటర్ల వ్యాసం గల సెరెస్‌దే. రెండో అడ్డంకి పదార్థం. మేఖల లోపలి అంచున సిలికేట్ శిలలు, వెలుపలి వైపు కార్బన్ అధికంగా గల నల్లని వస్తువులు ఎక్కువ. ఒకే గ్రహం ముక్కలైతే ఈ క్రమం ఎలా వచ్చిందో చెప్పడం కష్టం.

సౌర కుటుంబం ఏర్పడే దశలో ఇక్కడ కూడా చిన్న చిన్న పిండాలు కలుస్తూ పెద్దవి కావడం మొదలైంది. కాని బృహస్పతి ఆకర్షణ వాటి కక్ష్యలను చెదరగొట్టింది. మెల్లగా తాకితే పిండాలు అతుక్కుంటాయి, వేగంగా ఢీకొంటే పగులుతాయి. చాలా పదార్థం ఆ ప్రాంతం నుంచే బయటికి విసిరివేయబడింది. మిగిలినదే నేటి మేఖల.

కిర్క్‌వుడ్ ఖాళీలు

బృహస్పతి ప్రభావం నేటికీ కొనసాగుతోందని 1866లో డేనియల్ కిర్క్‌వుడ్ చూపించాడు. సూర్యుని నుంచి సగటు దూరం 2.5 ఖగోళ ప్రమాణాలు గల ఒక గ్రహశకలాన్ని తీసుకుందాం. కెప్లర్ మూడో నియమం ప్రకారం పరిభ్రమణ కాల వర్గం దూర ఘనానికి సమానం. 2.5 ఘనం 15.625. దాని వర్గమూలం సుమారు 3.95 సంవత్సరాలు. బృహస్పతి పరిభ్రమణ కాలం 11.86 సంవత్సరాలు, అంటే సరిగ్గా మూడు రెట్లు. బృహస్పతి ఒకసారి తిరిగేలోగా ఈ శకలం మూడుసార్లు తిరుగుతుంది. కాబట్టి రెండూ మళ్ళీ మళ్ళీ అవే చోట్ల దగ్గరవుతాయి. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తూ పోతే చిన్న తోపులే పెద్ద ఊపునిస్తాయి కదా. దీనినే అనునాదం అంటారు. కాలక్రమంలో కక్ష్య మరింత సాగి, శకలం అంగారకుని దారికో, భూమి దారికో అడ్డం వస్తుంది. అందుకే 2.5 వద్ద శకలాలు దాదాపు లేవు. 3.28 వద్ద ఏ నిష్పత్తి వస్తుందో మీరే లెక్కించి చూడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇవి సగటు దూరాలలోని ఖాళీలు. ఈ క్షణాన మేఖలను పైనుంచి చూస్తే ఇలాంటి ఖాళీ పట్టీలు కనిపించవు. కక్ష్యలు దీర్ఘవృత్తాలు కాబట్టి శకలాలు తమ సగటు దూరానికి అటూ ఇటూ తిరుగుతుంటాయి. సినిమాల్లో చూపించినట్లు రాళ్ళు కిక్కిరిసి ఉండవు కూడా. శకలాల మధ్య దూరాలు చాలా ఎక్కువ. 1970లలో పయనీర్ 10 మేఖలను క్షేమంగా దాటింది.

భూమికి చేరువగా

భూమి దగ్గరికి వచ్చే శకలాలలో చాలావాటికి 2.5 వద్ద ఉన్న ఖాళీ ఒక ముఖ్యమైన దారి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలినది సుమారు 20 మీటర్లదే. అయినా పగిలిన గాజు పెంకుల వల్ల, ఇతర కారణాల వల్ల దాదాపు 1500 మంది గాయపడ్డారు. 2022 సెప్టెంబరు 26న నాసా పంపిన డార్ట్ నౌక డైమార్ఫస్ అనే చిన్న శకలాన్ని ఢీకొట్టి, డిడిమస్ చుట్టూ దాని పరిభ్రమణ కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. ఒక శకలం దారిని మనిషి కావాలని మార్చడం అదే మొదటిసారి.

2029 ఏప్రిల్ 13న సుమారు 340 మీటర్ల అపోఫిస్ భూ ఉపరితలానికి దాదాపు 32,000 కిలోమీటర్ల దూరంలో, భూస్థిర ఉపగ్రహాల కంటే దగ్గరగా, వెళుతుంది. అది ఢీకొనదు. అయితే భూమి ఆకర్షణ వల్ల దాని కక్ష్య పెద్దదవుతుంది. ఏడాది లోపు సూర్యుని చుట్టి వస్తున్న ఆ శకలానికి ఆ తరవాత ఏడాదికి పైగా పడుతుంది.