అద్దములోని శత్రువు

మహాభారతములో శల్యపర్వముతో యుద్ధము తీరిపోయినది. మడుగులో దాగిన దుర్యోధనుడు వెలికి వచ్చి, భీముని గదకు తొడలు విరిగి పడినాడు. గెలిచినదెవరో, ఓడినదెవరో లోకమునకు తెలిసిపోయినది. అయినను గ్రంథము ముగియదు. ఇంకను తొమ్మిది పర్వములున్నవి. గెలుపు తేలిన తరువాత కవికి ఇన్ని పర్వములతో పనియేమి అని ప్రతి సంవత్సరము మా విద్యార్థులను అడగడము నాకు అలవాటు. ఈ సంవత్సరము ఆ ప్రశ్న వారే నన్ను అడిగినారు. అడిగినది భారతమును గూర్చి కాదు, ఒక వీడియో గేమును గూర్చి.

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోయే దారి అందరికి తెలిసినదే. గోదావరి వంతెన దాటితే దుమ్ముగూడెము, చర్ల. వాటిని దాటితే అడవి, ఆ అడవిలోనే ఎక్కడనో ఛత్తీసుగఢు సరిహద్దు. మా కళాశాలకు ఈ దారి పొడవునా పిల్లలు వస్తారు. ఒక శనివారము సాయంకాలము రెండవ సంవత్సరము విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చి, “సార్, గేమ్ అయిపోయింది గానీ కథ అర్థం కాలే. మీరు పద్యానికి అర్థం చెప్పినట్టు దీనికి గూడ చెప్పాలె” అన్నాడు. తుపాకుల ఆటకు కథ ఏమిటి, దానికి అర్థతాత్పర్యము లేమిటి అని నవ్వుకొన్న మాట నిజము. పిల్లవాడు పట్టిన పట్టు విడువలేదు. వసతిగృహములో ఒక పాత కంప్యూటరు ముందు కూర్చుండి, ఆ రాత్రియు, మరునాడు ఆదివారమంతయు, వారు ఆడుతూ ఉండగా నేను చూచినాను. ఇప్పుడు నవ్వు రావడము లేదు.

ఆ ఆట పేరు ‘స్పెక్ ఆప్స్: ది లైన్’. బెర్లిను నగరములోని యాగర్ అనే సంస్థ దీనిని నిర్మించినది. 2012 జూనులో విడుదలయినది. కథ దుబాయి నగరములో జరుగుతుంది. ఇసుక తుపానులు ఆ నగరమును పూడ్చివేసినవి. ఆప్ఘనిస్థానము నుండి మరలి వస్తున్న అమెరికను సేనాని కర్నల్ కాన్రాడ్, ప్రజలను ఆదుకొనుటకు తన ముప్పదిమూడవ పటాలముతో అక్కడ నిలిచినాడు. నగరము విడిచి రమ్మని పై అధికారులు ఆజ్ఞాపించినను వినలేదు. తరువాత అతని వైపు నుండి వార్తలు నిలిచిపోయినవి. కొంత కాలమునకు ఒకే ఒక్క సందేశము వినవచ్చినది: ప్రజలను తరలించు యత్నము విఫలమయినదని. అప్పుడు కెప్టెన్ వాకర్, ఆడమ్స్, లూగో అను ముగ్గురిని అక్కడకు పంపుతారు. బ్రతికియున్నవారు ఎవరైనా ఉన్నారో లేరో చూచి, తెలియజేసి, వెనుకకు రావలెను. వారికి ఇచ్చిన ఆజ్ఞ ఇంతమాత్రమే. కాన్రాడ్ ఒకప్పుడు కాబూలులో వాకర్ ప్రాణము కాపాడినవాడు. ఆ కృతజ్ఞత వలననో, వీరుడు కావలెనను కోరిక వలననో వాకర్ వెనుకకు రాడు. ముందుకే పోతాడు. ఆడేవాడు వాకర్ రూపములో ఉంటాడు గనుక అతడును ముందుకే పోతాడు.

కథకు నడుమ ఒక ఘట్టమున్నది. దానిని చెప్పకపోతే ముగింపు తెలియదు. ఎదుటి శిబిరములో సైనికులు చాలమంది ఉన్నారు. వాకర్ చేతికి తెల్ల భాస్వరము గల ఫిరంగి చిక్కుతుంది. అది మాంసమును ఎముక దాక కాల్చే పదార్థము. దీనిని వాడక తుపాకితోనే నెగ్గుకొని పోదమని ఆడేవాడు ప్రయత్నించినను ఆట సాగనీయదు. శత్రువులు ఎంతమంది కూలినను మరల వస్తూనే ఉంటారు. చివరకు గురి చూపే తెర ముందు కూర్చుండి, పైనుండి కనబడే తెల్లని చుక్కల మీద నిప్పు కురిపించవలసినదే. అలా కురిపిస్తున్నంతసేపు ఆ తెర గాజు మీద వాకర్ ముఖము నీడవలె కనబడుతూ ఉంటుంది. తరువాత ఆ పొగలోనికి నడచిపోతే, చుక్కలలో పెక్కు సైనికులవి కావని తెలుస్తుంది. అక్కడ తల దాచుకొన్న పౌరులు వారు. బిడ్డను గుండెకు హత్తుకొని కాలిపోయిన ఒక తల్లి దగ్గర ఆట మనలను నిలబెడుతుంది.

గదిలో అంతవరకు ఉన్న సందడి అణగిపోయినది. చర్ల వైపు నుండి వచ్చిన పిల్లవాడొకడు లేచి వరండాలోనికి పోయి, మంచినీళ్ళ కుండ దగ్గర చాలసేపు నిలుచున్నాడు. వాని తల్లిదండ్రులు అడవి అవతల నుండి వచ్చినవారు. 2005లో దంతెవాడ ప్రాంతమున సల్వా జుడుం మొదలయిన తరువాత అక్కడి ఊళ్ళు ఎన్నో ఖాళీ అయినవి. కోయ కుటుంబములు అనేకము అడవి దారిని నడచి, అప్పటి ఖమ్మము జిల్లాలోనికి వచ్చి గుడిసెలు వేసికొన్నవి. ఇక్కడివారు వారిని గుత్తికోయలంటారు. గిరిజన యువకుల చేతికే తుపాకులిచ్చి ఈ పోరులో దింపడము రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఈ పిల్లవాడు ఇక్కడ పుట్టినవాడు. ఆ రోజులను చూడలేదు. కాని చూడనివి వినడము ఉన్నది గదా! నేను వానిని ఏమియు అడుగలేదు.

ఇక ముగింపు. ఆ దారుణము తరువాత వాకరుకు ఒక వైర్‌లెస్ రేడియో దొరుకుతుంది. అందులో కాన్రాడ్ గొంతు పలుకుతుంది. హేళన చేస్తుంది, పరీక్షలు పెడుతుంది. ఒకచోట ఇద్దరిని వ్రేలాడదీసి, ఒకడు నీరు దొంగిలించినవాడు, రెండవవాడు ఆ దొంగ కుటుంబమును చంపిన సైనికుడు, వీరిలో ఎవరిని శిక్షింతువో చెప్పుమని అడుగుతుంది. జరిగినదానికంతకు కాన్రాడే కారకుడని వాకర్ నిశ్చయించుకొంటాడు. ఈ నడుమ నగరములో మిగిలిన నీరు కూడ అతని చేతి చలువ వలననే నేలపాలయినది. లూగోను జనము ఉరి తీస్తారు. ఆడమ్స్ యుద్ధములో ఒరిగిపోతాడు. ఒంటరిగా మిగిలిన వాకర్ ఆకాశమునంటు మేడ ఎక్కి కాన్రాడును పట్టుకొనవలెనని పోతాడు. అక్కడ కాన్రాడ్ ఒక పెద్ద పటమును చిత్రిస్తూ కనబడతాడు. అది బిడ్డను హత్తుకొని కాలిపోయిన ఆ తల్లి బొమ్మ. పటము చాటుకు పోయి చూస్తే, కుర్చీలో ఒక శవమున్నది. ఎన్నాళ్ళ క్రిందటనో తన్ను తాను కాల్చుకొని మరణించిన కాన్రాడ్ శవమది.

మరి రేడియోలో పలికినదెవరు? ఎవ్వరును పలుకలేదు. ఆ రేడియో చెడిపోయినది. వ్రేలాడిన ఇద్దరును అప్పటికే పీనుగులు. తాను చేసినది తాను చేసినట్లు ఒప్పుకొన లేక, వాకర్ మనస్సే ఒక కాన్రాడును సృష్టించి, ఆ నేరమును అతని మీద మోపినది. ఇప్పుడా కల్పిత కాన్రాడ్ అద్దములో ప్రత్యక్షమై, వాకర్ వైపు తుపాకి గురిపెట్టి అయిదు వరకు లెక్కపెడతాడు. ఆడేవాడు అద్దములోని ఆ బొమ్మను కాల్చవచ్చును. తన్ను తాను కాల్చుకొనవచ్చును. ఏమియు చేయక ఊరకుంటే లెక్క పూర్తియై కాన్రాడే కాలుస్తాడు. అనగా అదియు ఆత్మహత్యయే. అద్దము పగులగొట్టి బ్రతికినవానికి మరియొక ఘట్టమున్నది. అమెరికను సైనికులు అతనిని వెదకుకొంటూ వస్తారు. అతడు కాన్రాడ్ అంగీ తొడిగికొని మెట్ల మీద కూర్చుండి ఉంటాడు. ఆయుధము దించితే ఇంటికి తీసికొనిపోతారు. వారితో పోరాడి చావవచ్చును, లేదా వారిని కూడ చంపి ఆ ఊరిలోనే నిలువవచ్చును. ఇంటికి పోయే దారి పట్టినవానిని, ఇదంతయు దాటి నీవెట్లు బ్రతికితివని ఒక సైనికుడు అడుగుతాడు. బ్రతికినానని నీకెవరు చెప్పినారని అతడు ఎదురు ప్రశ్న వేస్తాడు.

ఈ ముగింపులలో ఏది అసలైనదని పిల్లలు వాదులాడుకొన్నారు. ఆటకు కథ వ్రాసినవారిలో ఒకడయిన వాల్ట్ విలియమ్స్ మరొక భాష్యము కూడ చెప్పినాడు: మొదట వచ్చే హెలికాప్టరు ప్రమాదములోనే వాకర్ మరణించినాడనియు, తరువాతిదంతయు మరణించినవాని భ్రమ అనియు. కథ వ్రాసినవానికి ఆ మాట అనే హక్కు కలదు. నాకు మాత్రము రుచించలేదు. అంతయు కల అయితే ఎవ్వరును ఏమియు చేయలేదన్నమాట. కాలిపోయిన తల్లికి కూడ లెక్క లేకుండ పోతుంది.

కాన్రాడ్ పేరు వినగానే ఆంగ్లసాహిత్యము చదివినవారికి జోసెఫ్ కాన్రాడ్ జ్ఞప్తికి వస్తాడు. 1899లో వెలువడిన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ అను అతని నవలికలో మార్లో అనే నావికుడు కాంగో నది మీద ఎగువకు పోయి కుర్ట్జ్ అనువానిని వెదకుతాడు. 1979లో కొపోలా ఆ కథను వియత్నాము యుద్ధమునకు మలచి ‘అపోకలిప్స్ నౌ’ చలనచిత్రము తీసినాడు. ఆ రెంటిలోను వెదకబోయినవానికి సజీవుడైన మనిషి దొరికినాడు. ఈ ఆటలో వెదకబోయినవానికి దొరికినది తన ముఖమే.

నాయకుని వెదకి పోయిన కథ మన అడవిలోను ఉన్నది. భద్రాచలమునకు వాయవ్యమున అడవుల నడుమ మేడారము. కప్పము కట్టలేని కోయల మీద కాకతీయ సైన్యము వచ్చిపడినదని ఐతిహ్యము. సారలమ్మ, నాగులమ్మ, పగిడిద్దరాజు నేలకొరిగినారు. జంపన్న సంపెంగవాగులో పడి దానికి తన పేరిచ్చినాడు. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడచిపోయి కనబడలేదు. వెదకిన కోయలకు శవము దొరకలేదు. పుట్ట దగ్గర ఒక కుంకుమ భరిణ దొరికినది. రెండేండ్లకొకసారి మాఘపున్నమికి ఆ కుంకుమనే జనము గుట్ట నుండి గద్దెకు తెచ్చుకొంటున్నారు. తమ ఊరిని కాచుకొని ఓడినవారి కథకు భరిణ ముగింపయినది. పిలువని ఊరికి పోయి గెలిచినవాని కథకు కుళ్ళిన శవము ముగింపయినది.

కాని ఆ ముగింపునకు అసలైన దగ్గరి చుట్టము, నా ఎరుకలో, స్త్రీపర్వమే. నూర్గురు కొడుకులు పోయిన ధృతరాష్ట్రుడు భీముని కౌగిలించుకొందునని చేతులు చాస్తాడు. కృష్ణుడు ఆ చేతులలోనికి ఇనుప ప్రతిమను త్రోస్తాడు. గ్రుడ్డిరాజు దానిని భీముడే అనుకొని పిండిచేసి, తన రొమ్ము పగిలి నెత్తురు క్రక్కుకొని, అయ్యో భీమా అని ఏడుస్తాడు. శత్రువు బొమ్మను విరిచినవానికి గాయము తన ఒంటి మీదనే తగిలినది. అద్దమును కాల్చిన వాకర్ కథ దీనికంటె ఎంత దూరము? పిదప తిలోదకముల వేళ కుంతి నోరు విప్పుతుంది: కర్ణుడు మీ అన్న, అతనికి కూడ నీళ్ళు విడువుమని. గెలిచిన ధర్మరాజుకు తానెవరిని చంపించినాడో అప్పుడు తెలిసినది. భారతములో గాని, ఈ ఆటలో గాని తెలియవలసినది యుద్ధము తరువాతనే తెలుస్తుంది. భేదమొక్కటి. ధర్మరాజు పాపమును మనము చదువుతాము, విచారిస్తాము, పుస్తకము మూస్తాము. ఆటలో ఆ తెల్లని చుక్కల మీద నిప్పు కురిపించిన వ్రేలు మనది. నేను వట్టి ప్రేక్షకుడనని చెప్పుకొనే వీలు లేదు. ఆట ఆపివేసి లేచిపోవచ్చును గదా అని ఉపాధ్యాయమిత్రులు అనవచ్చును. నేనును అదే అన్నాను. “చివరికేమైతదో చూడాలని ఉంటది గద సార్” అన్నాడొకడు. వాకరుకు కూడ అదే ఉండినది.

అద్దము ఘట్టము దగ్గర మౌసు ఆ చర్ల పిల్లవాని చేతిలో ఉన్నది. లెక్క మొదలయినది. వాడు చేయి తీసివేసి ఒడిలో పెట్టుకొన్నాడు. “అరే, కాల్చురా!” అని చుట్టునున్నవారు కేకలు వేసినారు. “ఎవర్ని కాల్చాలె?” అన్నాడు వాడు. అయిదు పూర్తియయినది. తెర మీద వాకర్ కూలినాడు. ఓడిపోయినావని తక్కినవారు వానిని వేళాకోళము చేసి, మరల వెనుకకు పోయి, అద్దము పగులగొట్టి, మిగిలిన ముగింపులన్నియు ఒక్కొక్కటిగా చూచినారు. వాడు మరల మౌసు ముట్టలేదు.

2024 జనవరిలో ఆ ఆటను అంతర్జాల అంగళ్ళ నుండి తీసివేసినారు. అనుమతుల గడువు తీరినదట. అంతకు ముందు కొనుక్కొన్నవారి దగ్గర మాత్రమే నిలిచియున్నది.

సోమవారము తరగతిలో పాఠము ప్రక్కకు పెట్టి ఇనుప ప్రతిమ కథ చెప్పినాను. వెనుక బల్ల మీద నుండి ఆ పిల్లవాడు లేచి, “సార్, బొమ్మ విరిగినంక ముసలాయన కోపం నిజంగ పోయిందా?” అని అడిగినాడు. పోయినదని స్త్రీపర్వములో ఉన్నది. కాని ఆ తరువాత పదునైదేండ్లు ఆ ఇంటిలోనే భీముడు ఎత్తిపొడుస్తూ ఉండగా విని, విని, కడకు ఆ వృద్ధుడు అడవికి పోయినాడని ఆశ్రమవాసపర్వములో ఉన్నది. గంట కొట్టినారు. “గ్రంథాలయములో తిక్కన భారతమున్నది. ఆశ్రమవాసపర్వము తెచ్చుకో నాయనా, రేపు కలిసి చదువుదాము” అన్నాను.