అచ్చు అతికిన తరువాతనే పాత పోగు తెంపవలెను

రాయచూరు నుండి ఉత్తరముగా కృష్ణానది వైపు పోవు బాటలో చిక్కసూగూరు కలదు. కృష్ణకు ఆవల నారాయణపేట, తూర్పున గద్వాల, రెండును మన నేతకు పేరు తెచ్చిన ఊళ్లు. 1956 వరకు రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనే ఉండెను. నేటికిని ఈ చుట్టుపట్ల తెలుగును కన్నడమును ఒకే అరుగు మీద వినబడును. 1985లో శక్తినగరము థర్మల్ విద్యుత్కేంద్రములో మొదటి యూనిటు పని ప్రారంభించెను. పిమ్మట చిక్కసూగూరు క్రాసు వద్ద, వడ్లూరు బాటలో, పారిశ్రామిక కేంద్రము వెలసినది. మగ్గము కూలి చాలక బయట పని వెదకుకొను కుటుంబములకు ఇట్టి చోట్లే దగ్గరి ఆధారము.

మగ్గము కూలి చాలకపోవుట ఒక్క ఊరి మాట కాదు. 2009-10 గణన ప్రకారము దేశములో చేనేత పనివారు 43.31 లక్షలు, 2019-20 గణన నాటికి 35.22 లక్షలు. పదేండ్లలో ఎనిమిది లక్షల మంది తగ్గిరి. మన పిల్లలు కొందరు షోలాపూరు, భీవండి, సూరతు మరమగ్గముల కడకు, కొందరు మందుల కారఖానాలకు, గోదాములకు, దుకాణములకు పోయిరి. ఇంట మగ్గము ముందు కూర్చున్నవానికి పై అధికారి ఎవరు? తండ్రియో, అన్నయో, నూలిచ్చు షావుకారో. కారఖానాలో అడుగుపెట్టినవానికి మేనేజరు, సూపర్వైజరు, మేస్త్రీ. వారిలో న్యాయముగా నడచుకొనువారు పెక్కుమంది కలరు. కాని అన్యాయము చేయువాడు ఒక్కడు తగిలినచో ఇంటిల్లిపాదికిని నిదుర ఉండదు. అట్టివాని క్రింద పని చేయుచునే వేరొక పని వెదకుకొనుట ఎట్లు? మన కుటుంబముల మేలు కోరి ఈ సంగతి వ్రాయుచున్నాము.

కఠినుడు వేరు, అన్యాయపరుడు వేరు

ముందుగా ఒక విషయము తేల్చుకొనవలెను. గుడ్డలో పోగు తప్పినదని చూపి, మరల నేసి తెమ్మను షావుకారు కఠినుడు; అన్యాయపరుడు కాడు. తానిచ్చిన నూలే నాసిరకమై ఉండగా, ఆ తప్పునకు నేతగాని మజూరీ కోయువాడు అన్యాయపరుడు. కారఖానాలోను ఇంతే. వేళకు రమ్మనుట, పని సరిగా చేయుమనుట అన్యాయము కాదు. ఒకే తప్పునకు ఒకనిని వదలి మరొకనికి జీతము కోయుట, ఓవర్‌టైము చేయించి లెక్కలో చూపకపోవుట, సెలవు అడిగినవానిని పదిమందిలో తిట్టుట, బంధువులకు తేలిక పనియు ఇతరులకు రాత్రి షిఫ్టును వేయుట, ఇవి అన్యాయములు. కోపము చల్లారిన పిదప, ఇంట పెద్దలతో కూర్చుండి, జరిగినది ఈ రెండింటిలో ఏదియో నిదానముగా విచారించుకొనవలెను. కఠినుని వద్ద పని నేర్చుకొనవచ్చును. అన్యాయపరుని వద్ద నుండి మాత్రము బయటపడు దారి చూచుకొనవలెను.

ఈ బాధ కొత్తది కాదు

మన తాతల కాలమున బొంబాయి మిల్లులకు పోయిన తెలుగువారికి జాబరు అనువాని సంగతి బాగుగా తెలియును. పనిలో పెట్టుకొనుటయు తీసివేయుటయు అతని చేతిలోనిదే. పని కావలెనన్న అతనికి దస్తూరీ ఇచ్చుకొనవలసి వచ్చెడిది. 1929లో నియమింపబడిన విట్లీ కమిషను 1931 నాటి తన నివేదికలో ఈ దురాచారమును ఎత్తిచూపి, పనిలో చేర్చుకొను అధికారమును, తొలగించు అధికారమును జాబర్ల నుండి తప్పించవలెనని సిఫారసు చేసెను.

మద్రాసు పెరంబూరులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల పనివారికి మధ్యాహ్నము అన్నము తినుటకు ఇచ్చెడి విరామము మిక్కిలి తక్కువ. ఈ కష్టములను సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు గార్లు బి.పి. వాడియా గారి దృష్టికి తెచ్చిరి. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబరు యూనియను ఏర్పడెను. ఒంటరిగా ఎదురాడినవాడు గేటు బయట మిగిలెడి కాలములో నలుగురు కలిసినందువలన మాట చెల్లినది. కనుక సంఘము ఉన్నచోట సంఘములో చేరుట, లేనిచోట తోటి పనివారితో సఖ్యముగా ఉండుట మొదటి రక్ష. అయినను ప్రతి ఇంటికిని పోరాటము ముగియు వరకు ఆగు ఓపిక ఉండదు. అట్టివారికి పని మారుటయే మార్గము.

తొందరపడి తెంపరాదు

పడుగు అయిపోవచ్చినప్పుడు మనవారు ఏమి చేయుదురు? పాత పడుగు కొసలను అచ్చులోనే ఉంచి, వేళ్లకు బూడిద అద్దుకొని, కొత్త పోగులను ఒక్కొక్కటిగా వానికి మెలివేసి అతుకుదురు. పాత కొసలే కొత్త పడుగును అచ్చులోనుండి ముందుకు లాగును. ముందే తెంపినచో పోగు పోగును మరల అచ్చులోనికి ఎక్కించవలెను. ఉద్యోగము మారుటయు ఇట్టిదే. పాత జీతమే కొత్త పని దొరకువరకు ఇంటిని నడుపును.

ఒక లెక్క చూడుడు. నెలకు 13,000 రూపాయల జీతము మీద నాలుగేండ్ల నాలుగు నెలలు పని చేసిన యువకుడు ఒకడున్నాడని అనుకొందము. మేనేజరు తిట్టినాడని ఆ పూటనే చొక్కా దులుపుకొని వచ్చినచో అతనికి గ్రాట్యుటీ రాదు. ఐదేండ్లు నిండినచో ఏడాదికి 15 దినముల జీతము చొప్పున, నెలకు 26 దినములుగా లెక్కించి, ఏడాదికి 7,500, ఐదేండ్లకు 37,500 రూపాయలు వచ్చును. ఎనిమిది నెలల ఓర్పునకు అంత సొమ్ము! అయితే ప్రాణమునకో మానమునకో అపాయము ఉన్నచోట ఈ లెక్క పనికిరాదు. అచట వెంటనే బయటపడవలెను. గడువు పెట్టుకొని నియమించిన పనివారికి, కొత్త సామాజిక భద్రతా స్మృతి ప్రకారము, ఒక ఏడాది పనికే గ్రాట్యుటీ హక్కు కలదు. నియామకపు కాగితములో ఏమున్నదో ముందుగా చదివించుకొనవలెను.

చట్టము చెప్పుచున్నది

2025 నవంబరు 21 నుండి నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. మన పిల్లలు తెలిసికొని ఉండవలసిన నాలుగు మాటలు ఇవి:

ఒకటి. ఎనిమిది గంటల పనిదినమునకు మించి చేసిన పనికి రెట్టింపు మజూరీ ఇవ్వవలెను.

రెండు. జుల్మానా వేయుటకు ముందు పనివాని సంజాయిషీ వినవలెను. ఒక జీతకాలములో జుల్మానా మొత్తము ఆ జీతములో నూటికి మూడు రూపాయలు మించరాదు. 13,000 జీతమునకు అది 390 రూపాయలు. అంతకు మించి కోసినచో అడుగు హక్కు కలదు.

మూడు. నెల జీతము మరుసటి నెల 7వ తేదీలోపల ఇవ్వవలెను. పని మానినవానికి, తీసివేయబడినవానికి రావలసిన జీతము రెండు పనిదినములలో చెల్లించవలెను.

నాలుగు. ప్రతి పనివానికిని నియామక పత్రము ఇవ్వవలెను.

షావుకారు వద్దనో, మరమగ్గపు సేటు వద్దనో బయానా తీసికొన్నవారికి వేరొక మాట. అప్పు తీరువరకు వేరొకచోట పని చేయరాదని కట్టడి చేయుట 1976 నాటి వెట్టిచాకిరి నిషేధ చట్టము ప్రకారము నేరము. అయినను బయానా లేనివాని నడక తేలిక. పని మారదలచినవాడు కొత్త బయానా తీసికొనకుండుట మేలు.

చేయవలసిన పనులు

ఒక చిన్న నోటుబుక్కు ఇంట పెట్టుకొనవలెను. ఏ తేదీన ఎన్ని గంటలకు పనిలోనికి పోయినది, ఎప్పుడు వచ్చినది, ఎంత జీతము ముట్టినది, ఎంత కోసినది, ఏ కారణము చెప్పినది ఆ రాత్రియే వ్రాయవలెను. నియామక పత్రము, జీతపు చీటీలు, పి.ఎఫ్. నంబరు, ఇ.ఎస్.ఐ. కార్డు నకళ్లు తీసి ఇంట ఉంచవలెను. మేనేజరుకు సాకు చిక్కకుండ వేళకు పోవలెను, అప్పగించిన పని చేయవలెను. మాటకు మాట అనరాదు. అనవలసినది కాగితము మీద వ్రాసి ఇచ్చి, నకలు మీద అందినట్లు సంతకము తీసికొనవలెను. ఖాళీ కాగితము మీదను, చదువరాని భాషలోని కాగితము మీదను సంతకము చేయరాదు. ఈ సీమలో కాగితములు కన్నడములోనో ఇంగ్లీషులోనో ఉండును. చదువగల పొరుగువానిని అడుగుటలో చిన్నతనము లేదు.

పని వెదకుట గుట్టుగా సాగవలెను. కారఖానా ఫోనులో గాని, భోజనాల బల్ల వద్ద గాని ఆ ప్రస్తావన తేరాదు. రాయచూరు, హైదరాబాదు, షోలాపూరులలోని మన బంధువులకు చెప్పి ఉంచవలెను. 2015లో కేంద్ర ప్రభుత్వము ఏర్పరచిన నేషనల్ కెరీర్ సర్వీసులో పేరు నమోదు చేసికొనవచ్చును. దానికి రుసుము లేదు. పని ఇప్పింతుమని ముందుగా సొమ్మడుగువారిని నమ్మరాదు. కొత్త చోటునకు ఒప్పుకొనుటకు ముందు ఒకనాడు షిఫ్టు విడుచు వేళకు ఆ గేటు వద్ద నిలిచి, బయటకు వచ్చు పనివారిని అడుగవలెను: జీతము ఏ తేదీన వచ్చును? పి.ఎఫ్. కట్టుచున్నారా? మేస్త్రీ ఎట్టివాడు? ఒక పెనము మీది నుండి మరొక పెనము మీదికి దుముకుటకు కాదు గదా ఇంత ప్రయాస! అచట పాత మేనేజరును దూషింపరాదు. తనకు వచ్చిన పని ఏమి, ఎన్నేండ్లు చేసినది చెప్పిన చాలును.

మన ఆడపిల్లలకు ఒక మాట. అధికారి ప్రవర్తన హద్దు మీరినచో అది ఓర్చుకొనవలసిన సంగతి కాదు. 2013 నాటి చట్టము ప్రకారము పదిమంది, అంతకు మించి పని చేయుచోట విచారణ కమిటీ ఉండవలెను. మూడు నెలలలోపల వ్రాతమూలకముగా ఫిర్యాదు ఇవ్వవలెను. తల్లిదండ్రులు బిడ్డ మాట నమ్మవలెను. "నలుగురిలో పరువు పోవును" అని నోరు మూయించుట అన్యాయపరునికి అండ యగును.

స్త్రీలకును కారఖానా కార్మికులకును 1987 నాటి చట్టము ప్రకారము ఉచిత న్యాయసహాయము కలదు. 15100 నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును. జీతపు బకాయిల విషయమై జిల్లా కార్మిక కార్యాలయమునకు పోవునప్పుడు పైన చెప్పిన నోటుబుక్కే సాక్ష్యము.

విడుచునప్పుడు

కొత్తచోట నియామక పత్రము చేతికి వచ్చిన పిదపనే రాజీనామా వ్రాయవలెను. నోటీసు గడువు ఎంతయో చూచి, అంతవరకు పని చేసి, అందినట్లు సంతకము తీసికొని బయటకు రావలెను. ముట్టవలసిన సొమ్ము ముట్టకుండ "అంతయు ముట్టినది" అని సంతకము పెట్టరాదు. పి.ఎఫ్. పాత నంబరుతోనే కొత్త చోటికి మార్పించుకొనవలెను. పెండ్లి ఖర్చునకో పండుగకో దానిని ఖాళీ చేయుట మంచిది కాదు.

ఇంటివారు చేయవలసిన సహాయమును ఒకటి కలదు. పిల్లవాడు వాడిన మొగముతో వచ్చినప్పుడు "అందరును పడుచున్నారు, నీకేమి?" అని గద్దింపక, జరిగినది అడుగవలెను. రెండు నెలల తిండి ఖర్చు చేతిలో మిగుల్చుకొనవలెను. అంతవరకు కొత్త వాయిదాల బండి, కొత్త అప్పు వలదు. ఇంట మగ్గము ఉన్నవారు దానిని అమ్ముకొనరాదు. పని దొరకని నెలలో నాలుగు చీరల మజూరీ అయినను ఇంటికి ఆసరా యగును. అన్యాయపరుడు ఎల్లప్పుడును ఒక్క మాట నమ్ముకొని ఉండును: వీనికి వేరే దిక్కు లేదని. దిక్కు ఉన్నదని ఇల్లంతయు కలిసి నిరూపించుటయే అతనికి తగిన జవాబు.