దొరల దస్త్రాలు, జనం జాడలు

ఒక పాత కాగితం చేతికొస్తే దాన్ని ఎవరు రాశారు అని మనం వెంటనే అడుగుతాం. ఎవరు దాచారు, ఎందుకు దాచారు అని మాత్రం అడగం. ఈ రెండో ప్రశ్న ఎంత అవసరమో నాకు నేర్పినవి స్కాట్లండ్ రాతప్రతులు. ఎడింబరోలోని స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న దస్త్రాల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ వివరిస్తాను.

ఆ గ్రంథాలయం ప్రజల కోసం పుట్టింది కాదు. 1689లో న్యాయవాదులు తమ వృత్తి అవసరాల కోసం దాన్ని తెరిచారు. 1710 కాపీరైటు చట్టంతో బ్రిటన్‌లో అచ్చయ్యే పుస్తకాలు పొందే హక్కు దానికి వచ్చింది. నిర్వహణ తలకు మించిన భారం కాగానే, న్యాయశాస్త్ర గ్రంథాలు తప్ప మిగిలిన సంపదను న్యాయవాదులు జాతికి అప్పగించారు. 1925 చట్టంతో అది జాతీయ గ్రంథాలయమైంది. దానికి మూలధనంగా లక్ష పౌండ్లు ఇచ్చింది అలెగ్జాండర్ గ్రాంట్ అనే బిస్కెట్ల వ్యాపారి.

అక్కడి రాతప్రతుల్లో అందరి నోటా వినిపించేది మేరీ రాణి చివరి ఉత్తరం. 1587 ఫిబ్రవరి 8 తెల్లవారుజామున, తల నరికించుకోవడానికి కొన్ని గంటల ముందు, ఫ్రాన్సు రాజైన తన మరిదికి ఆమె ఫ్రెంచి భాషలో రాసిన ఉత్తరం అది. దాన్ని రాజభక్తితోనో జాలితోనో చదివేవాళ్ళే ఎక్కువ. నా దృష్టి మాత్రం అందులోని ఒక విన్నపం మీద నిలిచింది. తన నౌకర్లకు రావలసిన జీతాలు ఇప్పించమని ఆమె ఆ రాజును కోరింది. అంటే, రాణిని కొలిచిన వాళ్ళకు జీతాలు బాకీ ఉన్నాయి. ఆ నౌకర్ల బతుకు మనదాకా వచ్చిన దారి ఇదే, రాణి ఉత్తరంలో ఒక ప్రస్తావనగా!

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ సదర్లండ్ ఎస్టేటు కాగితాలు. స్కాట్లండ్ ఉత్తర కొసన ఉన్న ఈ ఎస్టేటు గురించి మార్క్స్ ‘కాపిటల్’ మొదటి సంపుటంలో రాశాడు. 1814 - 1820 మధ్య సుమారు 3,000 కుటుంబాలను, అంటే 15,000 మందిని అక్కడి భూముల నుంచి వెళ్ళగొట్టారని ఆయన లెక్క చెప్పాడు. తెలంగాణలో బేదఖళ్ళు ఎరిగిన వాళ్ళకు ఈ కథ కొత్తగా తోచదు. లోయల్లో తరతరాలుగా పశువులు మేపుకుని, ఇంత పంట పండించుకునే గేలిక్ రైతుల్ని సముద్రపు ఒడ్డుకు నెట్టి, చేపలు పట్టుకుని బతకమన్నారు. ఖాళీ అయిన లోయలు గొర్రెల మందల పాలయ్యాయి.

ఎస్టేటు దస్త్రాల్లో ఏజెంట్ల ఉత్తరాలు, కౌలు లెక్కలు, ఖర్చుల పద్దులు ఉంటాయి. వాటిలో కొంత భాగాన్ని ఆర్.జె. ఆడమ్ పరిష్కరించి 1972లో అచ్చు వేశాడు. రచయితలు గమనించవలసింది ఆ పెద్దమనుషుల భాష. వాళ్ళు ‘గెంటివేత’ అనరు, ‘అభివృద్ధి’ అంటారు. ఎస్టేటు వ్యవహారాలు నడిపిన జేమ్స్ లాక్ 1820లో అచ్చు వేసిన సమర్థన గ్రంథం పేరులోనే ఆ మాట ఉంది. ఏ మాట ఎవరి నోట ఏ పని చేస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్ళు తగలబెట్టించాడని, ఒక ముసలమ్మ చావుకు కారకుడయ్యాడని పాట్రిక్ సెల్లార్ అనే ఏజెంటు మీద కేసు నడిచింది. ఆ లోయలో గొర్రెల మేతకు భూమి కౌలుకు తీసుకున్నవాడూ అతడే. 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ జరిగింది. జ్యూరీలో భూస్వాములకు కొదవ లేదు. సెల్లార్ నిర్దోషిగా బయటపడ్డాడు. అతన్ని అరెస్టు చేయించిన అధికారి రాబర్ట్ మెకిడ్ పదవి వదులుకుని, 1817లో సెల్లార్‌కే క్షమాపణ రాసిచ్చుకోవలసి వచ్చింది. దస్త్రం నిష్పక్షపాత సాక్షి అని నమ్మేవాళ్ళు ఈ క్షమాపణ పత్రం గురించి ఒక్కసారి ఆలోచించాలి.

అయితే జనం నోరు మూసుకుని ఉన్నారా? లేదు. ఆ లోయవాడే అయిన డోనాల్డ్ మెక్లౌడ్ అనే తాపీమేస్త్రీ 1840 - 41లో ఒక ఎడింబరో వారపత్రికలో వరసగా ఉత్తరాలు రాసి జరిగినదంతా బయటపెట్టాడు. తరువాత సదర్లండ్ డచెస్‌ను వెనకేసుకొస్తూ రాసింది ఎవరనుకున్నారు? ‘అంకుల్ టామ్స్ కాబిన్’ రాసిన హారియట్ బీచర్ స్టో! అమెరికాలో బానిసల కన్నీళ్ళు చూడగలిగిన కలానికి, ఆతిథ్యమిచ్చిన ఇంటి వెనక ఉన్న బూడిద కనిపించలేదు. ఆమెకు తాపీమేస్త్రీ పుస్తకంతోనే జవాబిచ్చాడు. దస్త్రాన్ని దస్త్రంతోనే ఎదుర్కోవాలని అతనికి తెలుసు.

భాష సంగతి కూడా చెప్పాలి. లిస్మోర్ డీన్ గ్రంథం అనే రాతప్రతి అక్కడే ఉంది. 1512 - 1542 మధ్య పెర్త్‌షైర్‌లోని ఫోర్టింగల్ ప్రాంతంలో జేమ్స్ మెక్‌గ్రెగర్, అతని సోదరుడు గేలిక్ కవితల్ని అందులోకి ఎక్కించారు. పండితుల గేలిక్ వర్ణక్రమాన్ని పక్కన పెట్టి, స్కాట్స్ భాష రాసుకునే పద్ధతిలో, చెవికి వినిపించినట్టు రాశారు. చదవడం పండితులకు కష్టమే. కాని ఆ ‘అపభ్రంశపు’ రాత వల్లనే ఆనాటి ఉచ్చారణ జాడలు మనకు మిగిలాయి. భర్త చనిపోయినప్పుడు ఈథ్‌ఫ్రెక్ అనే స్త్రీ చెప్పిన విలాప కవిత నిలిచింది కూడా ఈ ప్రతిలోనే. గ్రాంథిక, వ్యావహారిక వాదాలు ఎరిగిన మనకు దీని విలువ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక వ్యక్తిగత కాగితాలు. ఉత్తరాలు, చిత్తుప్రతులు, డైరీలు, ఉపన్యాసాల నోట్సు అన్నీ ఇందులోకి వస్తాయి. వీటిని భద్రపరిచేవాళ్ళు అందంగా ఉన్నవి ఏరుకుని మిగతావి పారేయరు. మనిషి ఉంచుకున్న వరసను వీలైనంత చెడగొట్టకుండా సంఖ్యలు వేసి పట్టిక రాస్తారు. ఏ ఉత్తరం పక్కన ఏ బిల్లు ఉందన్నది కూడా సాక్ష్యమే. గ్లాస్గో బడిపంతులు, మార్క్సిస్టు విప్లవకారుడు జాన్ మెక్లీన్ కాగితాలు ఇప్పుడు ఈ గ్రంథాలయంలోనే ఉన్నాయి. యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు 1918లో ఎడింబరో కోర్టు ఆయనకు అయిదేళ్ళ కఠిన శిక్ష వేసింది. ప్రజల ఒత్తిడితో ఆ ఏడాది డిసెంబరులోనే విడుదలై, 1923లో 44 ఏళ్ళకే మరణించాడు. ఆయన కూతురు నాన్ మిల్టన్ తండ్రి జ్ఞాపకాన్ని పోనివ్వలేదు. 1973లో ఆయన జీవిత చరిత్ర అచ్చు వేసింది. రాజ్యం జైల్లో పెట్టిన మనిషి కాగితాలు, డచెస్ ఏజెంట్ల కాగితాలు నేడు ఒకే కప్పు కింద ఉన్నాయి. అదేమీ దానంతట అది జరగలేదు. ఎస్టేటు కాగితాలను కాపాడటానికి ఎస్టేటు ఉంది. ఉద్యమకారుడి కాగితాలను మనుషులే పూనుకుని కాపాడాలి.

మనకూ ఈ దేశంతో ఒక లంకె ఉంది. మన పల్లెల కైఫీయతులు రాయించిన కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నొవేవాడు. కావలి సోదరులు ఊరూరా సేకరించిపెట్టిన ఆ సంపద నేడు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉంది. మన ఊళ్ళ చరిత్రను సర్వే అధికారి అవసరం దాచింది. మన రచయితల చరిత్రను ఎవరి అవసరం దాస్తుంది?

నాకు తెలిసిన ఒక కథకుడు చనిపోయిన ఏడాదికి ఆయన ఇంటికి వెళ్ళాను. నలభై ఏళ్ళ ఉత్తరాలు, రెండు అచ్చుకాని నవలల చిత్తుప్రతులు పాత కాగితాల కొట్టుకు తూకానికి వెళ్ళిపోయాయని చెప్పారు. ఇంట్లోవాళ్ళను నిందించను. వాళ్ళకు వాటి విలువ ఎవరూ చెప్పలేదు. బతికుండగా ఆయన ఇంటికి వెళ్ళి సభలకు పిలిచిన మేమూ చెప్పలేదు.

అందుకే మిత్రులకు నా మనవి. ఉత్తరం మీద తేదీ వేయండి. చిత్తుప్రతిని చించకండి. పాత ఫోటో వెనక పేర్లు రాసిపెట్టండి. పెద్దల కాగితాలు ఎక్కడున్నాయో ఈ ఏడే వెళ్ళి కనుక్కుని, పట్టిక రాసి, జాగ్రత్తగా చూసుకునే గ్రంథాలయానికి చేర్చండి. దొరల దస్త్రాలు ఎలాగూ ఉంటాయి. వాటికి జవాబు చెప్పే కాగితాలు ఉండాలంటే ఆ పని మనమే చెయ్యాలి.